వలస వాకిళ్లు – 9: ఇంటి మీద కట్టిన గుడి

మహానుభావుడు పుట్టిన చోట గుడి కట్టడం మనకు తెలిసిందే. ఇంట్లో ఒక గూడు చేసి దేవుణ్ణి పెట్టుకోవడమూ తెలిసిందే. మామూలు చెక్క ఇంటినే మూలవిరాట్టులా మధ్యలో నిలబెట్టి, చుట్టూ స్తంభాలు లేపి, దాని మీదుగా గుడి కట్టడం మాత్రం ఎక్కడో తప్ప వినం. న్యూయార్క్ నగరంలో భాగమైన స్టాటెన్ ఐలాండ్ దీవిలో, రోజ్‌బ్యాంక్ అనే పేటలో, 1907 జులై 4న ఇటాలియన్ వలసదారులు అలాంటి కట్టడానికే ప్రారంభోత్సవం చేశారు. రోమ్‌లోని పాంథియాన్‌ను తలపించాలని కట్టిన మండపం అది. దాని నీడలో, 1840 ప్రాంతంలో ఎవరో కట్టుకున్న ఒక చిన్న ఇల్లు. ఆ ఇంటిని కూడా అంతకుముందున్న చోటు నుంచి కొంత దూరం జరిపి తెచ్చి అక్కడ ప్రతిష్ఠించారు. ప్రతిష్ఠ అన్న మాట ఇక్కడ అతిశయోక్తి అనుకోను. తర్వాత మండపం పాడుబడింది, 1950ల మొదట్లో దాన్ని తీసేశారు. ఇల్లు మిగిలింది. 1956 నుంచి అది గారిబాల్డి-మెయుచ్చి మ్యూజియం, నంబరు 420, టాంప్కిన్స్ అవెన్యూ. ఈ వారం మన వాకిలి అదే.

మ్యూజియం పేరులో ఇద్దరున్నారు. ఇటలీని ఏకం చేసిన యోధుల్లో అందరికన్నా పేరుపడ్డ జుసెప్పే గారిబాల్డి ఒకరు. టెలిఫోన్‌ను అసలు కనిపెట్టింది తానేనని చివరిదాకా వాదించి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయిన ఆంటోనియో మెయుచ్చి మరొకరు. మ్యూజియాన్ని నడిపేది ‘సన్స్ ఆఫ్ ఇటలీ’ అనే సంస్థ. 1905లో న్యూయార్క్‌లో పుట్టిన ఆ సంస్థ అమెరికాలోని ఇటాలియన్ సంతతివారందరి వారసత్వానికి గుర్తుగా ఈ ఇంటిని చూపిస్తుంది. చూసేవాళ్లు కూడా అలాగే చూస్తారు. చిక్కేమిటంటే, ఆ ఇద్దరూ ఇటాలియన్ వలసకు ప్రతినిధులు కారు. ఒకరు వలస వచ్చినవాడే కాదు. మరొకరు అసలు వలస ప్రవాహం మొదలవడానికి ముప్ఫై ఏళ్ల ముందే వచ్చినవాడు. ఈ ఇంటికి నిజమైన వారసులు వీళ్ల తర్వాత పొట్ట చేత పట్టుకుని వచ్చిన లక్షలమంది. వాళ్ల జాడ ఇంటి లోపలి గదుల్లో దొరకదు. తీసేసిన ఆ మండపంలో దొరుకుతుంది. కాబట్టి ఈ ఇంటిని 1850 సాక్ష్యంగా కాక 1907 సాక్ష్యంగా చదవాలని నేనంటాను. ఎందుకో, అలా చదివితే ఏ అభ్యంతరాలు వస్తాయో చూద్దాం.

ముందు గారిబాల్డి సంగతి. 1849లో ఆయన కాపాడబోయిన రోమన్ రిపబ్లిక్ కూలిపోయింది. ఫ్రెంచి, ఆస్ట్రియా సేనలు తరుముతుంటే పారిపోతున్న దారిలోనే, ఆ ఆగస్టు 4న, రవెన్నా దగ్గర భార్య అనిత చనిపోయింది. దేశదేశాలు తిరిగి, లివర్‌పూల్‌లో ఓడెక్కి, 1850 జులై 30న న్యూయార్క్ రేవులో దిగాడు. వయసు 43. కీళ్లనొప్పులు, చేతిలో పని లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అప్పటికే స్టాటెన్ ఐలాండ్‌లో కాపురం పెట్టిన మెయుచ్చి ఆశ్రయమిచ్చాడు, తన కొవ్వొత్తుల కార్ఖానాలో పనీ ఇచ్చాడు. తెలుగువాళ్లకు ఆ పని ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు, కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వు ఉంది. పీపాల్లో వచ్చిన పశువుల కొవ్వును మోసి తెచ్చి, పెద్ద ఇనుప కాగులో కరిగించి, తేట తేర్చి, అచ్చుల్లో పోయాలి. ఆ పీపాలు మోసే బతుకు గురించి గారిబాల్డి తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఒకరోజు విసుగెత్తి రేవుకు వెళ్లి, కూలి ఇవ్వకపోయినా సరే, ఓడ మీద పనిలో పెట్టుకోమని నావికుల్ని అడిగాడట. ఎవరూ పట్టించుకోలేదు. తిరిగొచ్చి మళ్లీ పీపాల దగ్గరే నిలబడ్డాడు. రెండు ఖండాల్లో సైన్యాలను నడిపిన మనిషికి ఒక ఓడ కళాసీ పని కూడా దొరకని ఆ పూట, నా దృష్టిలో, ఈ ఇంటి చరిత్ర మొత్తంలో నిజమైన వలసకూలీ బతుక్కు దగ్గరగా వచ్చిన ఒకే ఒక ఘట్టం.

అది కూడా ఎన్నాళ్లు? 1851 ఏప్రిల్ కల్లా మధ్య అమెరికాకు వెళ్లిపోయాడు. అక్కడి నుంచి పెరూ, ఓడ కెప్టెన్‌గా చైనా దాకా ప్రయాణం, 1853లో మళ్లీ అమెరికా తీరం, 1854 మొదట్లో యూరప్ దారి. రోజ్‌బ్యాంక్ ఇంట్లో ఆయన గడిపిన కాలమంతా కూడితే ఏడాది నిండడం కష్టం. ఆయన అక్కడికి స్థిరపడటానికి రాలేదు, స్థిరపడనూ లేదు. రాజకీయ ప్రవాసి ఎప్పుడూ పెట్టె కట్టుకునే ఉంటాడు. మెయుచ్చి కథ వేరు. 1808లో ఫ్లోరెన్స్‌లో పుట్టి, అక్కడి పెర్గోలా నాటకశాలలో రంగస్థల యంత్రాల పని నేర్చి, 1835లో భార్య ఎస్తేర్‌తో క్యూబా వెళ్లి, హవానాలోని టాకోన్ నాటకశాలలో ఏళ్ల తరబడి పనిచేసి, సొమ్ము కూడబెట్టుకుని 1850లో న్యూయార్క్ వచ్చాడు. చేతిలో పెట్టుబడి ఉన్న కళాకారుడు, యంత్రజ్ఞుడు. ఆయన మాట్లాడేది టస్కనీ భాష, అంటే తర్వాత ఇటాలియన్ అని పేరు తెచ్చుకున్న భాషే.

ఇప్పుడు ఆ లక్షలమందిని చూడండి. 1880, 1920ల మధ్య అమెరికాకు వచ్చిన ఇటాలియన్లు నలభై లక్షల పైమాటే. వాళ్లలో ఎక్కువమంది దక్షిణాదివాళ్లు: సిసిలీ, కలాబ్రియా, కంపానియా, బసిలికాటా. వాళ్లను మీరెవరని అడిగితే ఊరి పేరు చెప్పేవారు, మహా అయితే ప్రాంతం పేరు. ఇటలీ ఏకమైన 1861 నాటికి ఇటాలియన్ మాట్లాడేవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరని భాషా చరిత్రకారుడు తుల్లియో డి మౌరో లెక్కగట్టాడు. ఆ లెక్క మరీ తక్కువని, నూటికి పదిమంది దాకా ఉండొచ్చని వాదించినవాళ్లూ ఉన్నారు. ఏ లెక్క తీసుకున్నా, న్యూయార్క్‌కు ఓడెక్కిన సిసిలీ రైతుకూ మెయుచ్చికీ ఒకరి మాట ఒకరికి సరిగ్గా అర్థమయ్యేది కాదు. అమెరికా సర్కారు కూడా వాళ్లను ఒక జాతిగా లెక్కించలేదు. 1899 నుంచి వలస శాఖ కాగితాల్లో ‘ఉత్తర ఇటాలియన్’, ‘దక్షిణ ఇటాలియన్’ అని రెండు వేర్వేరు జాతులు. ఏది మేలు, ఏది తక్కువ అన్న తూకం ఆ విభజనలోనే ఉంది. 1911లో, వలసల మీద అమెరికా కాంగ్రెస్ వేసిన డిల్లింగ్‌హామ్ కమిషన్ నివేదికలు ఆ తూకానికి శాస్త్రం రంగు పూశాయి.

గత వారం ఎల్లిస్ ఐలాండ్ హాలులో ఆగాం. అక్కడికి చేరకముందే ఓడ ఒకచోట ఆగేది, ఆ చోటు ఇదే. రోజ్‌బ్యాంక్ ఒడ్డున న్యూయార్క్ రాష్ట్ర క్వారంటీన్ కేంద్రం ఉండేది. సముద్రం నుంచి ‘నారోస్’ అనే ఇరుకు జలసంధి గుండా లోపలికి వచ్చే ఓడ అక్కడ లంగరు వేయాలి. ఒడ్డు నుంచి వైద్యులు పడవలో వెళ్లి ఓడెక్కి, కలరా, టైఫస్, మశూచి లాంటివి ఏమైనా ఉన్నాయేమో చూడాలి. అనుమానం ఉన్నవాళ్లను దగ్గర్లోని చిన్న దీవులకు తరలించేవారు, మిగతావాళ్లతో ఓడ ముందుకు కదిలేది. అడుగు అంతస్తు ప్రయాణికులు రెండు వారాల తర్వాత డెక్ మీదికొచ్చి మొదటిసారి తేరిపార చూసిన అమెరికా నేల ఈ దీవి కొండలే. మండపం కట్టిన 1907 సంవత్సరం ఎలాంటిదంటే, ఆ జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమెరికాలోకి 12,85,349 మంది వలస వచ్చారు. అంతకుముందెప్పుడూ ఒక్క ఏడాదిలో అంతమంది రాలేదు. అందులో ఇటలీ నుంచే 2,85,000 పైచిలుకు. గుడికి ముహూర్తం గారిబాల్డి శతజయంతి అన్నది నిజమే, ఆయన పుట్టింది 1807 జులై 4న. కానీ గుడి కట్టినవాళ్ల కళ్లెదుట ఉన్నది ఆ ఓడలు. ఓడ కాగితంలో ‘దక్షిణ ఇటాలియన్’ అని రాయించుకుని దిగిన మనిషి, మైలు దూరం రాకుండానే, మండపం కింద ఉత్త ‘ఇటాలియన్’ అయ్యాడు. ఆ రెండు మాటల మధ్య దూరాన్ని తుడిచేయడమే ఆ కట్టడం చేసిన పని.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. దక్షిణాది రైతుకు గారిబాల్డి అంటే అంత ప్రేమ ఎందుకుండాలి? 1860 మే 11న ఆయన వెయ్యిమందితో సిసిలీలోని మార్సాలాలో దిగినప్పుడు, భూమి పంచుతాడని రైతులు నమ్మారు. ఆ ఆగస్టులోనే బ్రోంతే అనే ఊళ్లో భూమి కోసం రైతులు తిరగబడి భూస్వాములనూ అధికారులనూ చంపితే, గారిబాల్డి సేనాని నీనో బిక్సియో వచ్చి, నామమాత్రపు విచారణ జరిపి, ఐదుగురిని కాల్పించాడు. ఏకమైన రాజ్యం దక్షిణాదికి నిర్బంధ సైనిక సేవను తెచ్చింది. 1868 చట్టంతో తిరగలి పన్ను తెచ్చింది. మరలో పిండి ఆడించుకుంటే పన్ను, అంటే తినే రొట్టె మీదే పన్ను. దాన్ని పూర్తిగా ఎత్తేసింది 1884లో. వీటన్నిటికీ గారిబాల్డిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. గెలిచిన దక్షిణాదిని రాజు చేతిలో పెట్టి తాను కప్రేరా దీవికి పోయి వ్యవసాయం చేసుకున్నాడు. అయినా ఆయన గెలుపు తెచ్చిన రాజ్యమే, కొంతమేరకు, ఆ రైతుల్ని ఓడెక్కించింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పట్టించుకోని వీరుడికి సముద్రం దాటాక గుడి కట్టారంటే, ఆ భక్తి ఊరి నుంచి మూట కట్టుకొచ్చిందని చెప్పలేం.

అయితే ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికావాళ్ల కళ్లలోంచి వచ్చిందని నా సమాధానం. వలస వచ్చినవాడికి తన వీరుడు కావాలి. కానీ ఆ వీరుడు ఇరుగుపొరుగు కూడా గౌరవించేవాడైతేనే అతని గుడి గోడ తనకు అడ్డంగా నిలబడుతుంది. అమెరికాలో గారిబాల్డికి ఆ గౌరవం ముందునుంచీ ఉంది. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు లింకన్ ప్రభుత్వం ఆయనకు మేజర్ జనరల్ పదవి ఇవ్వజూపింది. మొత్తం సేనాధిపత్యం, బానిసత్వాన్ని రద్దు చేసే అధికారం కావాలని ఆయన అడగడంతో అది తేలలేదు. న్యూయార్క్ 39వ పదాతిదళం ‘గారిబాల్డి గార్డ్’ అన్న పేరుతోనే యుద్ధానికి వెళ్లింది. 1888లో వాషింగ్టన్ స్క్వేర్‌లో ఆయన విగ్రహం లేచింది. పైగా పుట్టినరోజు జులై 4! అమెరికా స్వాతంత్ర్య దినాన ఇటాలియన్ జెండా పట్టుకుని నడిస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. అలాంటి అడ్డు ఎంత అవసరమో 1891 మార్చి 14న న్యూ ఓర్లీన్స్‌లో తెలిసింది. పోలీసు అధిపతి హత్య కేసులో కోర్టు ఎవరినీ దోషులని తేల్చకపోయినా, గుంపు జైలు మీద పడి 11 మంది ఇటాలియన్లను చంపింది. వాళ్లలో ఎక్కువమంది సిసిలీవాళ్లు. ఊరినిండా అలా అనుమానంగా చూసేవాళ్లుంటే, లింకన్ పిలిచిన మనిషి మావాడేనని చెప్పుకోవడం ఉత్త గొప్పలకు కాదు.

రెండో అభ్యంతరం: గుడి కట్టించింది కూలీలా, పెద్దమనుషులా? న్యూయార్క్ ఇటాలియన్లలో ‘ప్రొమినెంతి’ అని ఒక వర్గం ఉండేది. బ్యాంకర్లు, కూలీల మేస్త్రీలు, పత్రికల యజమానులు. నగరంలో గారిబాల్డి, కొలంబస్, వెర్ది విగ్రహాలకు చందాలు ఎత్తిన ‘ఇల్ ప్రోగ్రెస్సో’ పత్రికాధిపతి కార్లో బార్సోత్తి కూడా టస్కనీవాడే. కాబట్టి ఇదంతా ఉత్తరాది పెద్దలు తమ పరపతి కోసం చేసిన తతంగమనీ, కూలీ దానికి చందా మాత్రమే ఇచ్చాడనీ చెప్పే చరిత్రకారులున్నారు. వాళ్ల మాటలో సగం ఒప్పుకోవాలి. విగ్రహం కింద పేరు ఎవరిదో చూస్తే విషయం తెలిసిపోతుంది. కానీ మిగతా సగం మిగిలే ఉంటుంది. ఊరి పేరు మీదా, ఊరి దేవత పేరు మీదా పెట్టుకున్న సహాయ సంఘాలు, అంటే నెలకు కొంత కట్టి, జబ్బు చేస్తే సాయం, చస్తే ఖననం ఖర్చు తీసుకునే సంఘాలు, జులై 4న బ్యాండు మేళంతో ఈ ఇంటికి ఊరేగింపుగా రావడం ఆనవాయితీ అయింది. పెద్దలు పందిరి వేసి ఉండొచ్చు, కింద కూర్చున్నవాళ్లు మాత్రం సొంత పనికే వచ్చారు. ఊరి సంఘంలో కలాబ్రియావాడైనవాడు ఆ పందిరి కింద పక్క సంఘపు సిసిలీవాడితో కలిసి నడిచాడు. పుట్టిన ఊళ్లో అతనికి ఆ అవసరమే పడి ఉండదు.

మెయుచ్చి దగ్గరికి వస్తే వ్యవహారం మరీ చిక్కుగా ఉంటుంది, అక్కడ కాస్త నిలబడి చూడాలి. హవానాలో ఉన్నప్పుడు, 1849లో, విద్యుత్ వైద్యం చేస్తుండగా రాగి తీగ గుండా మనిషి అరుపు విన్నానని ఆయన చెప్పాడు. స్టాటెన్ ఐలాండ్ వచ్చాక ఎస్తేర్ కీళ్ల జబ్బుతో మంచం పట్టింది. 1850ల నడుమ, నేలమాళిగలోని తన పని గది నుంచి మేడ మీది ఆమె గదికి తీగ లాగి మాట్లాడుకునేవాళ్లమని చెప్పాడు. ఆ పరికరానికి పెట్టిన పేరు తెలెత్రోఫోనో. 1860 ప్రాంతంలో న్యూయార్క్ ఇటాలియన్ పత్రిక ‘లేకో ద ఇతాలియా’లో దీని గురించి వార్త వచ్చిందన్నారు, ఆ సంచిక ఇంతవరకు ఎవరి చేతికీ చిక్కలేదు. 1871 జులై 30న వెస్ట్‌ఫీల్డ్ అనే ఫెర్రీలో బాయిలరు పేలింది. వందమందికి పైగా పోయిన ఆ ప్రమాదంలో మెయుచ్చికి ఒళ్లు కాలింది. ఆయన మంచంలో ఉండగా, ఇల్లు గడవక, భార్య ఆ పరికరాలను పాతసామాన్ల వ్యాపారికి ఆరు డాలర్లకు అమ్మేసింది. ఇప్పుడు మ్యూజియంలో అద్దం వెనక కనిపించే పరికరాలు తర్వాత తయారైన నమూనాలే కావడానికి కారణం అది. గారిబాల్డి ఎర్ర చొక్కా ఉంది, అసలు టెలిఫోన్ లేదు.

1871 డిసెంబరు 28న మెయుచ్చి పేటెంటు ఆఫీసులో కేవియట్ దాఖలు చేశాడు. ఫలానా ఆవిష్కరణ మీద పని చేస్తున్నాను, ఎవరైనా ఇలాంటి దానికే పేటెంటు అడిగితే నాకు కబురు చేయండి అన్న ముందస్తు నోటీసు అది. ఏడాదే చెల్లుతుంది, పది డాలర్లు కడితే ఇంకో ఏడాది. 1872లో, 1873లో పొడిగించాడు. 1874 చివర పొడిగించలేదు. 1876 ఫిబ్రవరి 14న అలెగ్జాండర్ గ్రాహం బెల్ దరఖాస్తు పెట్టాడు, మార్చి 7న 1,74,465 నంబరు పేటెంటు వచ్చింది. ఇక్కడి నుంచి రెండు కథలు. ఇటాలియన్ ఇళ్లలో చెప్పుకునే కథ చిన్నది: పది డాలర్లు లేక టెలిఫోన్ పోయింది. కాగితాలు చెప్పే కథ అంత చిన్నగా ఉండదు. అదే 1872లో పొంగే పానీయాలకూ, 1873లో వంటల సాస్‌కూ, 1876లో గాలిలో తేమను కొలిచే సాధనానికీ ఆయన పేరు మీద పేటెంట్లున్నాయి. వాటికి డబ్బు పెట్టింది వేరేవాళ్లని మెయుచ్చి తరఫువాళ్ల జవాబు. అది నమ్మదగిందే. కానీ అప్పుడు ప్రశ్న మారుతుంది: సాస్‌కు పెట్టుబడిదారు దొరికినప్పుడు టెలిఫోన్‌కు ఎందుకు దొరకలేదు? కేవియట్ చదివితే జాడ కొంత దొరుకుతుంది. అందులో లోహపు తీగ శబ్దాన్ని మోస్తుందని, మాట్లాడేవాళ్లనూ తీగనూ విద్యుత్ బంధకాలతో వేరుచేస్తే శబ్దం పెరుగుతుందని ఉంది. శబ్దం విద్యుత్ అలగా మారి, అవతల మళ్లీ శబ్దమయ్యే యంత్రాంగం మాత్రం అందులో స్పష్టంగా కనిపించదు. అసలు కిటుకు అదే. 1887 జులైలో బెల్ కంపెనీకీ, మెయుచ్చి పక్షాన నిలిచిన గ్లోబ్ కంపెనీకీ నడిచిన దావాలో జడ్జి విలియం వాలెస్ ఈ లోటునే పట్టుకుని, మెయుచ్చిది తీగ బిగించి మాట్లాడే యాంత్రిక ఫోను తప్ప విద్యుత్ ఫోను కాదన్నాడు. 1889 అక్టోబరు 18న మెయుచ్చి కన్నుమూశాడు. అప్పుల్లో ఇల్లు ఎప్పుడో చేజారినా, కొన్నవాళ్లు ఉండనిచ్చిన ఆ ఇంట్లోనే చివరిదాకా ఉన్నాడు.

నా తీర్పు ఏమిటంటే, మెయుచ్చి తీగ గుండా మాట పంపడం మీద బెల్ కన్నా చాలా ముందు నుంచి పనిచేశాడు. చివరి మెట్టు ఎక్కాడో లేదో నిలిచిన కాగితాలతో తేల్చలేం. 2002 జూన్ 11న అమెరికా ప్రతినిధుల సభ చేసిన తీర్మానం కూడా, పత్రికలు రాసినట్టు ‘టెలిఫోన్ కనిపెట్టింది మెయుచ్చి’ అనలేదు. ఆయన కృషిని గుర్తించాలంది. కేవియట్ పొడిగించి ఉంటే బెల్‌కు పేటెంటు వచ్చేది కాదని పీఠికలో చేర్చింది. ఆ సభలో తీర్మానం పెట్టిన వీటో ఫోసెల్లా స్టాటెన్ ఐలాండ్ ప్రతినిధే. పది రోజుల్లో కెనడా పార్లమెంటు, బెల్ తమవాడు గనక, ఎదురు తీర్మానం చేసింది! ఆవిష్కరణలను చేతులెత్తి తేల్చే పద్ధతి రెండు దేశాల్లోనూ అంత హుషారుగా సాగిందంటే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న జారిపోతుంది. ఈ ఇంట్లో మెయుచ్చి అతిథేయి స్థాయి నుంచి వీరుడి స్థాయికి ఎప్పుడు ఎక్కాడు? 1884లో ఇంటి మీద పెట్టిన ఫలకం గారిబాల్డి పేరుతో. 1907 మండపం గారిబాల్డి స్మారకం. అప్పటికి మెయుచ్చి ఆయనకు అన్నం పెట్టినవాడు. ఇంటి ముందు మెయుచ్చి స్మారక స్తంభం వెలిసింది 1923లో. ముస్సోలినీ కాలపు ఇటలీ ఆ పేరును జాతి గౌరవంగా ఎత్తుకుంది. 1956లో మ్యూజియం పేరులో రెండోవాడయ్యాడు. 2002లో ప్రతినిధుల సభ తీర్మానమే ఆయన పేరు మీద వచ్చింది.

ఈ మార్పు వలస తరాల మార్పుతో కలిసి నడిచిందని నా వాదన. ఓడ దిగిన తరానికి తనను నిలబెట్టే వీరుడు కావాలి. మనవల తరానికి అప్పటికే ఇళ్లున్నాయి, ఉద్యోగాలున్నాయి, ఇంగ్లీషు ఉంది. వాళ్లకు కావాల్సింది తాత పడ్డ అన్యాయానికి ఒక రూపం. గారిబాల్డి గెలిచినవాడు, మెయుచ్చి మోసపోయినవాడు. నడుమ జరిగిన సంగతులు ఆ రెండో కథకు పునాది వేశాయి. 1924 చట్టం ఇటలీ కోటాను ఏడాదికి 3,845కు కుదించింది. 1907లో దాదాపు ఐదు రోజుల్లో వచ్చినంతమంది. రెండో ప్రపంచ యుద్ధంలో పౌరసత్వం లేని ఆరు లక్షల ఇటాలియన్లు శత్రుదేశీయులుగా నమోదు చేయించుకుని తిరిగారు, 1942 కొలంబస్ దినాన గానీ ఆ ముద్ర పోలేదు. దీనికి అభ్యంతరం: 1923 స్మారకం ఈ వరసకు ముందే ఉంది కదా? ఉంది. అది 1924 చట్టానికి ఏడాది ముందు, 1921 తొలి కోటా చట్టానికి రెండేళ్ల తర్వాత. తలుపు మూసుకుంటున్న చప్పుడు అప్పటికే వినిపిస్తోంది. అన్నట్టు, అదే 1924 చట్టం ఆసియావాళ్లకు తలుపు పూర్తిగా మూసింది. ఇటాలియన్లకు కోటా, మనవాళ్లకు ఆ కోటా కూడా లేదు. మనవాళ్లకు తలుపు 1946లో కొద్దిగా తెరుచుకుంది, దేశాలవారీ కోటాలను ఎత్తేసింది మాత్రం 1965 చట్టమే. అమెరికాలో ఇవాళ కనిపించే తెలుగు పేటలన్నీ దాదాపు దాని తర్వాతివే. తెలుగు సంఘాల వేదికల మీద నిలబెట్టుకునే విగ్రహాల్లో ఎవరు మొదటి తరానికి, ఎవరు మనవల తరానికి అన్న లెక్క ఇంకా తేలాల్సి ఉంది.

చివరి అభ్యంతరం అదే రోజ్‌బ్యాంక్‌లో రాతి రూపంలో ఉంది. మ్యూజియానికి కొద్ది దూరంలో, ఎమిటీ వీధిలో, మౌంట్ కార్మెల్ మాత గుహాలయం ఉంది. అక్కడి ఇటాలియన్ కుటుంబాల సంఘం 1930ల చివర నుంచి తమ చేతులతో కట్టుకున్నది. సిమెంటులో అదిమిన గుండ్రాళ్లు, ఆల్చిప్పలు, పిల్లలాడే గోలీలు, సైకిలు వెనక మెరిసే ఎర్ర అద్దాలు. ఏటా జులై మధ్యలో మాతకు ఉత్సవం. వలసకూలీని చూడాలంటే అక్కడికే వెళ్లాలి గాని, జనరల్‌కూ యంత్రజ్ఞుడికీ కట్టిన ఇంట్లో వెతకడమెందుకు అంటే, ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గారిబాల్డి జీవితాంతం పాదిరీల మీద పళ్లు నూరినవాడు, ఆ గుహలో ఆయనకు చోటు లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. గుహాలయం కట్టినవాళ్లూ, జులై 4న మండపం దగ్గరికి నడిచినవాళ్లూ వేరే మనుషులు కారు. జులై మొదటి వారంలో ఎర్ర చొక్కా దగ్గరికి, పదిరోజుల తర్వాత మాత దగ్గరికి. మాత దగ్గర ఊరికి చెందినవాళ్లు, ఎర్ర చొక్కా దగ్గర దేశానికి చెందినవాళ్లు. మొదటిది పుట్టుకతో వచ్చింది, రెండోది ఇక్కడికొచ్చాక సంపాదించుకున్నది. మ్యూజియం గదుల్లో ఆ సంపాదన గురించి ఒక్క గోడ కేటాయించి, మండపం ఫొటో పెద్దది చేసి పెడితే బాగుండునని నా కోరిక.

క్వారంటీన్ ఓడలు దాటిన ఆ నారోస్ మీద 1964 నవంబరు 21న వంతెన తెరిచారు. 1524లో ఆ జలసంధిలోకి మొదట వచ్చిన ఫ్లోరెన్స్ నావికుడు జొవాన్ని ద వెర్రజ్జానో పేరు దానికి పెట్టాలని ఇటాలియన్ సంఘాలు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించాయి. పేరు వచ్చింది గాని, కాగితాల్లో ఒక అక్షరం జారిపోయింది. ఆయన పేరులో రెండు ‘జెడ్’లుంటే వంతెన మీద ఒకటే పడింది. మన లిపిలో చెప్పాలంటే ‘జ’ కింద వత్తు పోయింది. దాని కోసం అర్జీలు, సంతకాలు, మళ్లీ అర్జీలు. 2018 అక్టోబరులో న్యూయార్క్ గవర్నరు చట్టం మీద సంతకం చేస్తే, 54 ఏళ్లకు ఆ వత్తు వచ్చి చేరింది. బోర్డులు మాత్రం ఒక్కసారిగా మార్చలేదు. పాతబడి కొత్తవి వేయాల్సి వచ్చినప్పుడు సరిచేస్తామన్నారు.

(సశేషం)